వాడకి రాని బృందం

బిడ్డ మెడ నిలపకపోతే, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోతే ఎంత తొందరగా పట్టించుకుంటే అంత మేలు అంటారు డాక్టర్లు. ఈ మాటతో మాకు పేచీ లేదు. ఆ పట్టించుకునేవాళ్లు ఎక్కడ కూర్చున్నారన్న దాని దగ్గరే పేచీ.

2013 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లల్లో పుట్టుక లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, ఎదుగుదల ఆలస్యాలు వెతుకుతుంది. నిబంధనల ప్రకారం ఊళ్లు తిరిగే బృందంలో ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్‌ఎం లేదా నర్సు, ఒక ఫార్మసిస్టు ఉంటారు. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వస్తారు. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, మాట-వినికిడి నిపుణులు, సైకాలజిస్టు, ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండేది జిల్లా కేంద్రంలో. అన్ని విద్యలూ తెలిసిన బృందం ఉంది గానీ, అది వాడకి రాదు.

గ్రహణమొర్రికో గుండె రంధ్రానికో ఒకసారి పట్నం పోయి ఆపరేషన్ చేయించుకోవచ్చు. అక్కడ ఈ పథకం పనికొస్తుంది. కానీ సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డ కాళ్లూ చేతులూ సాధన చేయించడం, మాట రాని బిడ్డకి మాట నేర్పడం ఏళ్ల తరబడి సాగే పని. పోయిన ప్రతిసారీ తల్లికి ఒక రోజు కూలి పోతుంది. ఆమె నాలుగోసారి రాకపోతే "అవగాహన లేదు" అంటారు. మనోళ్ల పేదరికానికి ఇలాంటి పేర్లు పెట్టడం పాత అలవాటే.

అంగన్‌వాడీ ఎక్కడుందన్నది కూడా కులం ప్రశ్నే. ఎస్సీ, ఎస్టీ ఆవాసాలన్నిటిలో త్వరగా కేంద్రాలు పెట్టమని 2004లోనూ, కొత్త కేంద్రాలు ఆ ఆవాసాల నుంచే మొదలుపెట్టమని 2006లోనూ సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. అంటే 1975లో మొదలైన ఐసీడీఎస్ ముప్పై ఏళ్లయినా చాలా వాడల్లోకి అడుగు పెట్టలేదన్నమాట. బృందం వచ్చిన రోజున తల్లిదండ్రుల వెంట ఇటుక బట్టీకి పోయిన బిడ్డ ఎవరి జాబితాలోకి ఎక్కుతుంది?

2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ చదువు హక్కుని ఆరేళ్ల నుంచే ఇచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉచిత విద్య కూడా ఆరేళ్ల నుంచే. అంతకు లోపు బిడ్డల సంగతి 45వ అధికరణంలో, కోర్టుకి పోయి సాధించుకోలేని ఆదేశిక సూత్రంగా మిగిలింది. మెదడు అన్నిటికన్నా వేగంగా ఎదిగే ఏళ్లకే హక్కు లేకుండా పోయింది. పోర్చుగల్ 2009లో చేసిన చట్టం ఆరోగ్యం, విద్య, సాంఘిక భద్రత మూడింటి మనుషుల్నీ స్థానిక బృందాల్లో కలిపి, ఆరేళ్ల లోపు పిల్లలకి కుటుంబంతో కూర్చుని ప్రణాళిక రాయమంది. అది సాధ్యమైన పనే.

మేం దయ అడగడం లేదు. నిపుణులు ప్రతి వారం మండలానికి రావాలి. వాడ ఆడవాళ్లకి శిక్షణ ఇచ్చి ఆ బృందంలో, గౌరవ వేతనం మీద కాకుండా జీతం మీద పెట్టాలి. వైద్యానికి పోయిన రోజు కూలి కట్టివ్వాలి. ఎంతమందిని పరీక్షించారన్న లెక్కతో సరిపెట్టకుండా, ఎంతమందికి వైద్యం ఆగకుండా అందిందో కులాలవారీగా చెప్పాలి. విద్యార్థులూ టీచర్లూ మీ మండలంలో ముందు ఈ లెక్క అడగండి.