రంధ్రాలు ఎవరికి అవసరం?

నానక్‌రామ్‌గూడలో అర్ధరాత్రి దాటాక ఎమర్జెన్సీకి రెండు రకాల కడుపునొప్పులు వస్తాయి. ఒకటి మెడలో ఐడీ కార్డుతో, ఇంకోటి కాళ్లకు ఎండిన సిమెంటుతో. అడిగేది మాత్రం ఇద్దరూ ఒకటే: "సార్, రంధ్రాలతో అయిపోతదా?" అంటే పొట్ట కోయకుండా, చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్.

మొన్న అలాంటివాళ్లు ఇద్దరు ఒకే వారంలో వచ్చారు. ఇద్దరికీ పేగు అడ్డుపడింది. ఐడీ కార్డున్న ఆమెకు కారణం పాత సిజేరియన్. తెలంగాణలో 60.7 శాతం కాన్పులు కోతతోనే అని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. చాలామందికి దానివల్ల ఏమీ కాదు. కొద్దిమందికి మాత్రం లోపల దారంలాంటి అతుకు మిగిలి, ఏళ్ల తర్వాత పేగు దాని కింద ఇరుక్కుంటుంది. వాంతులు మొదలైన నాలుగు గంటలకే ఆమె వచ్చింది. స్కాన్‌లో మెలిక కనబడింది. మూడు రంధ్రాలు పెట్టాం. పెద్దపేగు మొదలు దగ్గర, ఉబ్బని చోట పట్టుకుని వెనక్కి వెతుక్కుంటూ పోవాలి. ఉబ్బిన వైపు పేగు పలచబడి ఉంటుంది, పరికరం కాస్త గట్టిగా పట్టినా చిరుగుతుంది. అతుకు దొరికింది. ఒక్క కత్తిరింపు.

సిమెంటు కాళ్లతో వచ్చిన అతనికి కారణం చిన్నప్పుడు అపెండిక్స్ తీయడం. మూడు రోజులు షెడ్డులోనే సోడా, గ్యాస్ బిళ్లలతో నెట్టుకొచ్చాడు. వచ్చేసరికి పొట్ట డప్పులా ఉంది, బీపీ నిలవడం లేదు. కెమెరా పెట్టాలంటే కార్బన్ డయాక్సైడ్‌తో పొట్ట ఉబ్బించాలి. అప్పటికే ఉబ్బిన పొట్టలో చోటెక్కడ? పైగా ఆ ఒత్తిడికి గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. మత్తు డాక్టరు తల అడ్డంగా ఊపారు. పొట్ట తెరిచి, నల్లబడ్డ జానెడు పేగు తీసేశాం.

చదువుకునే రోజుల్లో నేను కెమెరాతో మొదలుపెట్టి మధ్యలో పొట్ట తెరవడం ఓటమనుకునేవాణ్ణి. ఒకసారి పంతానికి పోయి గంటకు పైగా కెమెరాతోనే వెతికి, చివరికి నా చేత్తోనే పేగుకు చిల్లు పెట్టాను.

ఫిన్లాండ్, ఇటలీ సర్జన్లు 2019లో ప్రచురించిన అధ్యయనంలో రంధ్రాలవాళ్లు సగటున 4.2 రోజులకు ఇంటికెళ్లారు, కోతవాళ్లు 5.5 రోజులకు. కానీ అందులోకి తీసుకున్నది ఒకే అతుకు ఉందనిపించినవాళ్లనే. మూడు రోజులు సోడా తాగి వచ్చినవాడికి ఆ లెక్క చెప్పి ఏం లాభం?

ఆమె ఆరో రోజు ఇంట్లోంచే లాప్‌టాప్ తెరిచిందట. అతనికి రెండు నెలలు బరువెత్తొద్దని రాసిచ్చాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ అడిగాడు:

"బరువెత్తకుంటే మేస్త్రి రానిస్తడా సార్?"