ముందు పెట్టె సంగతి తేల్చండి

కంప్యూటర్ అసెంబుల్ చేయించుకునేవాళ్లు బడ్జెట్ కాగితం మీద ముందు ప్రాసెసర్ రాస్తారు. ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డు, మదర్‌బోర్డు, ర్యామ్. అన్నీ అయ్యాక మిగిలిన డబ్బుకి ఏ క్యాబినెట్ వస్తే అది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కే ఎవరి చేతిలో కాగితం చూసినా దాదాపు ఇదే వరస. ఇంట్లోవాళ్లకీ స్నేహితులకీ మెషీన్లు కట్టిపెట్టడం నాకు చాలాకాలంగా అలవాటు. నా కాగితంలో మొదటి పేరు క్యాబినెట్‌దే. అదీ అప్పటి అవసరానికి మించి కాస్త పెద్దది. "ఇంత పెట్టె దేనికి, లోపల సగం ఖాళీయేగా" అని అడుగుతారు. ఆ ఖాళీ కోసమే కొంటున్నాం అని చెబితే చాలామందికి నమ్మకం కుదరదు. అందుకే ఈ వారం దాని గురించి రాస్తున్నాను.

ఇంటెల్ 1995లో ఏటీఎక్స్ అనే ప్రమాణం తెచ్చింది. బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు. మరలు ఎక్కడ పడాలి, వెనకవైపు కనెక్టర్ల కిటికీ ఎక్కడుండాలి అన్నీ అందులో తేల్చిపెట్టారు. 2004లో అదే కంపెనీ బీటీఎక్స్ అని వేరే అమరిక తెచ్చింది గానీ అది నిలవలేదు. రెండు మూడేళ్లకే దాన్ని పక్కన పెట్టేశారు. మొత్తానికి ముప్పై ఏళ్లుగా ఆ మర రంధ్రాలు ఉన్నచోటే ఉన్నాయి. ఈలోగా బోర్డు మీద మాత్రం మారనిది లేదు. ఏజీపీ స్లాటు పోయి పీసీఐ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. ర్యామ్ డీడీఆర్3 దాటి, 4 దాటి, 5కి వచ్చింది. ఇంటెల్ డెస్క్‌టాప్ సాకెట్టు 2020లో ఒకటి, 2021లో ఇంకొకటి, 2024లో మరొకటి. కొత్త ప్రాసెసర్ కావాలంటే బోర్డు మార్చాలి, బోర్డు మారిస్తే ఒక్కోసారి ర్యామ్ కూడా మార్చాలి. ఇన్ని మార్పుల్లో పదేళ్లకు పైగా నిలబడేది పెట్టె ఒక్కటే. పవర్ సప్లై మంచిదైతే అదీ తోడుంటుంది. మన ఊళ్లలో ఇల్లు కట్టినవాళ్లు డాబా మీద పిల్లర్ల చువ్వలు కోయకుండా పైకి వదిలేస్తారు, పిల్లలు చేతికందాక పై అంతస్తు వేసుకోవచ్చని. పెద్ద క్యాబినెట్ కొనడంలో ఉన్నదీ ఆ ముందుచూపే.

అయితే పెద్దది అంటే బయటికి కనిపించే ఎత్తు కాదు. లోపల కొలవాలి. మొదట కొలవాల్సింది గ్రాఫిక్స్ కార్డు పట్టే పొడవు. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1060ని ఎన్విడియా సొంతంగా అమ్మిన రూపంలో చూస్తే 250 మిల్లీమీటర్లు. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 అదే లెక్కన 304 మిల్లీమీటర్లు, పైగా మూడు స్లాట్ల మందం. ఇతర కంపెనీలు చేసిన 4090లలో 340 దాటినవీ ఉన్నాయి. అంత ఖరీదైన కార్డు మనమెందుకు కొంటాం అనుకోవచ్చు. కానీ మధ్యతరగతి కార్డుల్లో కూడా మూడు ఫ్యాన్లవి 300 దాటుతున్నాయి. పొడవు సరిపోయినా పవర్ కేబుల్ దగ్గర ఇంకో చిక్కుంది. ఈ కొత్త కార్డుల కనెక్టర్ పెట్టె పక్కనుండే అద్దం తలుపు వైపు ఉంటుంది. కేబుల్‌ని సుమారు 35 మిల్లీమీటర్లు తిన్నగా పోనిచ్చి ఆ తర్వాతే వంచాలి. 2022లో ఆ కనెక్టర్లు కొన్ని కరిగిపోయిన ఉదంతాలు బయటపడ్డాయి. కేబుల్ పూర్తిగా లోపలికి దిగకపోవడం వల్లే అలా జరిగిందని ఎన్విడియా చెప్పింది. ఇరుకు పెట్టెలో వేళ్లు దూరవు, తలుపు వేయగానే అద్దం కేబుల్‌ని నొక్కుతుంది. అలాంటి చోట కనెక్టర్ పూర్తిగా దిగిందని ఎలా నమ్ముతాం?

రెండోది కూలర్ ఎత్తు. నాక్టువా వాళ్ల ఎన్‌హెచ్-డీ15 ఎత్తు 165 మిల్లీమీటర్లు. పెట్టెలో 170 దాకా చోటుంటే మార్కెట్లో దొరికే గాలి కూలర్లు దాదాపు అన్నీ పడతాయి. కోర్సెయిర్ 4000డీ మిడ్ టవర్ లెక్క అదే, కూలర్‌కి 170, కార్డుకి 360. దీన్ని మించి పెద్ద పెట్టె చాలామందికి అక్కర్లేదని నా అభిప్రాయం. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. లిక్విడ్ కూలింగ్ రేడియేటర్‌ని ముందువైపు బిగిస్తే అది మామూలుగా 27, దాని ఫ్యాన్లు 25, కలిపి 52 మిల్లీమీటర్లు కార్డు పొడవులోంచి పోతాయి.

మూడోది షాపులో ఎవరూ తెరిచి చూడరు. కుడివైపు తలుపు, అంటే బోర్డు వెనకవైపు. మెషీన్ కట్టే పనిలో సగం జరిగేది అక్కడే. బొటనవేలంత లావున్న 24 పిన్నుల కేబుల్ పవర్ సప్లై దగ్గర బయల్దేరి, బోర్డు బిగించే రేకుకి ఆనుకుని పైకి పాకి, రబ్బరు అంచున్న రంధ్రంలోంచి ఇవతలికి రావాలి. రేకుకీ తలుపుకీ మధ్య రెండు రెండున్నర సెంటీమీటర్లు ఉంటే అది హాయిగా పడుకుంటుంది, వెల్‌క్రో పట్టీ కట్టి పక్కకు జరగొచ్చు. ఒకటిన్నరే ఉంటే తలుపు ఉబ్బుతుంది, మోకాలితో నొక్కిపట్టి మర తిప్పాలి. రెండేళ్ల తర్వాత ఇంకో డిస్కు పెట్టాలన్నప్పుడు ఆ తలుపు మళ్లీ తీయాలంటేనే బద్ధకం వస్తుంది. అక్కడే ప్రాసెసర్ వెనకభాగంలో రేకుని పెద్ద చదరంగా కోసి ఉండాలి. అది ఉంటే బోర్డు ఊడదీయకుండా కూలర్ మార్చొచ్చు. రేకు అంచు వేలితో తడిమి చూడండి. మంచి కంపెనీలు అంచుని మడుస్తాయి. చవక రకం చెయ్యి కోస్తుంది.

ఇంకో చిన్న విషయం ఇక్కడే చెప్పాలి. బోర్డు కూర్చునే ఇత్తడి స్టాండాఫ్‌లు బోర్డు సైజుని బట్టి మారతాయి. ఏటీఎక్స్ తీసి అంతకంటే చిన్నదైన మైక్రో ఏటీఎక్స్ బిగించేటప్పుడు, కొత్త బోర్డుకి రంధ్రం లేని చోట పాత స్టాండాఫ్ మిగిలిపోతే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. ముందు వాటిని లెక్క చూసుకోవాలి.

మా మేనల్లుడు అడుగుతుంటాడు, "మామయ్యా, ముందంతా అద్దం ఉన్నది తీసుకుందామా, లైట్లు భలే కనిపిస్తాయి" అని. వాడి ముచ్చట నాకర్థమవుతుంది, పక్క అద్దానికి నేనూ అడ్డు చెప్పను. ముందువైపు మాత్రం జాలీయే ఉండాలి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో గది గాలే మండిపోతూ ఉంటుంది, మెషీన్‌కి దక్కేదీ ఆ గాలే. అదైనా ధారాళంగా లోపలికి రావాలి కదా. 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు పట్టే చోటుంటే తక్కువ వేగంతో, తక్కువ రొదతో అంతే గాలి తోస్తాయి. బయటికి తోసే ఫ్యాన్ల కంటే లోపలికి లాగేవి బలంగా ఉంటే గాలి చాలావరకు ఫిల్టర్ గుండానే వస్తుంది, సందుల్లోంచి దుమ్ము దూరదు. ఆ ఫిల్టర్ మెషీన్ వంచకుండా చేత్తో లాగితే వచ్చేదై ఉండాలి. లేకపోతే మన ఇళ్లలో దాన్ని ఎవరూ కడగరు.

పెట్టె కూడా పాతబడుతుంది, ముఖ్యంగా ముందు పోర్టుల దగ్గర. అందుకని ఇప్పుడు కొనేదానికి టైప్-సీ ఉండి తీరాలి. 2023 నుంచి ఎంఎస్ఐ, ఆసుస్ కనెక్టర్లన్నీ బోర్డు వెనకవైపుకి మార్చిన మోడళ్లు తెస్తున్నాయి. వాటికి రేకులో ప్రత్యేకంగా రంధ్రాలు కావాలి. ధర దగ్గరదగ్గరగా ఉంటే ఆ రంధ్రాలున్న పెట్టెకే నా ఓటు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు డిస్కుల అరలు కూడా చూసుకోవాలి. ఒక్కో ముహూర్తాల సీజన్‌కీ ఓ హార్డ్ డిస్కు నిండుతుంది, కొత్త క్యాబినెట్లలో చాలావాటికి పెద్ద డిస్కుల అరలు రెండే ఉంటున్నాయి. ఫ్రాక్టల్ డిజైన్ డిఫైన్ 7 ఎక్స్‌ఎల్ లాంటి భారీ పెట్టెలో అదనపు ట్రేలు కొనుక్కుంటే 18 డిస్కుల దాకా పెట్టొచ్చు. అలాంటి ఫుల్ టవర్ నిజంగా అక్కరకొచ్చేది ఇలాంటివాళ్లకే. అద్దె ఇళ్లు మారేవాళ్లు దాని బరువు కూడా ఆలోచించుకోవాలి.

కొనడానికి వెళ్లేటప్పుడు టేపు పట్టుకెళ్లండి, రెండు తలుపులూ తీయించి చూడండి. తీసుకొచ్చాక మరల డబ్బా, వాడని డిస్కు ట్రేలు, ఊడదీసిన స్లాటు కవర్లు ఒక సంచిలో కట్టి దాచండి. ఆ మోడల్ ఆగిపోయాక అవి విడిగా దొరకడం కష్టం.