పథమున దంపతులు: ఒక లక్షణలోప విచారము

మన యలంకారశాస్త్రమున దారి యనునది దంపతులను విడదీయుటకే పుట్టినట్లు కానవచ్చును. అష్టవిధనాయికలలో దారితో గట్టి సంబంధము గలవారు ఇరువురే. అభిసారిక ప్రియుని యొద్దకు నడచును. ప్రోషితభర్తృక మగడు పోయిన దారి చూచుచు ఇంట కూర్చుండును. భానుదత్తుడు రసమంజరిలో తొమ్మిదవ నాయికను చేర్చెను గాని, ఆమెయు మగడు బయలుదేరనున్నాడని కుందెడి ప్రవత్స్యత్పతికయే. మగనితో గూడ బరువు నెత్తుకొని బయలుదేరిన ఆడుదానికి లక్షణగ్రంథములలో పేరు లేదు.

ఈ విచారమునకు నిమిత్తము గుణదలలో కలిగినది. ఏలూరు కాలువ చెంతనున్న ఆ ప్రాంతమున పడవలరేవు అను కూడలి కలదు. సరకుల పడవలు పోయినవి, పేరు మిగిలినది. 1855 నాటికి పూర్తియైన కృష్ణానకట్ట నుండి పారిన కాలువలపై ఒకప్పుడు సాగిన బరువు ఇప్పుడు లారీల కెక్కినది. ఆటోనగరము సమీపముననే యున్నది. కలకత్తా–చెన్నపట్టణముల రాజమార్గమును, పూనా–మచిలీపట్టణముల రాజమార్గమును బెజవాడలోనే కలియుచున్నవి.

ఆ కూడలిలో ఒక లారీ నిలిచియుండగా చూచితిని. అద్దమునకు లోపల కనకదుర్గమ్మ పటమును, గుణదల మేరీమాత పటమును ప్రక్కప్రక్కనే యున్నవి. గుంటూరు మిరప బస్తాలు హౌరాకు పోవుచున్నవట. దారి సుమారు 1200 కిలోమీటర్లు. పట్టా త్రాళ్లు బిగించుచున్నది డ్రైవరు భార్య. క్లీనరు కూర్చుండు చోటు ఆమెది. ఎందుకు వచ్చెదవమ్మా యని యడుగగా ఆమె రెండు కారణములు చెప్పెను. క్లీనరు జీతము మిగులును. తెల్లవారుజామున ఆయనకు కునుకు వచ్చినప్పుడు మాటాడుటకు మనిషి యుండును. ఈ రెండవ కారణమును ఏ రసప్రకరణమున చేర్చవలెనో నాకు తోచలేదు.

ఈమె స్వాధీనపతిక కాదా యని పండితు లడుగవచ్చును. కాదని నా మనవి. స్వాధీనపతిక మగడు పనులు మాని ఆమె పాదములకు లత్తుక దిద్దుచు కూర్చుండును. ఇచ్చట ఇరువురును పనిలోనే యున్నారు. పనియే వారి సల్లాపము. సహధర్మచారిణి యందుమా, అది ధర్మశాస్త్రపు మాట గాని రసశాస్త్రపు మాట కాదు. విప్రలంభము లేక సంభోగము పుష్టి చెందదని మన పెద్దలు గట్టిగా నమ్మిరి. శుకసప్తతికిని, హంసవింశతికిని భర్త యింట లేకపోవుటయే ప్రాణము. అతడు భార్యను వెంటగొని పోయియుండినచో చిలుకకు గాని హంసకు గాని చెప్పుటకు కథ యుండెడిది కాదు!

లోకము మాత్రము వేరుగ నడచినది. 17వ శతాబ్దిలో గోలకొండ రాజ్యమున సంచరించిన ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే, ఎద్దులపై ధాన్యము, ఉప్పు మోయించు బిడారుల వారు ఆలుబిడ్డలతో గుడారములలోనే బ్రతుకుదురని వ్రాసెను. రైళ్లు వచ్చువరకు మన లంబాడీల బ్రతుకు అట్టిదే. నేడు కేరళమున కోట్టయము ప్రాంతపు జలజ, రతీశ్ దంపతులు లారీపై దేశము తిరుగుచు ఆ ప్రయాణములను చలచ్చిత్రములుగ చూపుచుండగా పెక్కుమంది చూచుచున్నారు. విరహము లేని దంపతుల దారి చూపరులకు విసుగు గొల్పుట లేదన్నమాట.

మన సాహిత్యమున దీనికి చోటే లేదనుట తొందరపాటగును. గౌరన హరిశ్చంద్రోపాఖ్యానము నీ దృష్టితో మరల చదువవలెను. రాజ్యము పోయిన హరిశ్చంద్రుడు చంద్రమతిని, లోహితుని వెంటబెట్టుకొని అప్పు తీర్చుటకై కాశికి నడచును. వెంట నక్షత్రకుడు. మార్కండేయపురాణమున విశ్వామిత్రుడే స్వయముగా వచ్చి నిలదీయును. ద్విపదలో ఆ పని శిష్యునిది. ఈ మార్పును హాస్యపోషణ కనియు, సత్యపరీక్ష కనియు చెప్పుట పరిపాటి. నాకు మరియొకటి తోచుచున్నది. పీడించు మూడవవాడు నిరంతరము వినుచుండగా ఆలుమగలు ప్రేమను మాటలతో చెప్పుకొనజాలరు. కనుక అది చేతలలోనికి దిగును: బిడ్డ నొకరు మోసిన ఇంకొకరు త్రోవ చూతురు, ఒకరు తూలిన ఇంకొకరు నిలుతురు. కరుణరస మని మనము దాటిపోవు ఆ నడకలో దాంపత్యము ఎడబాటు సాయము లేకయే పండినది. లారీ కొన్న ఫైనాన్సు కంతుల మాట వచ్చినప్పుడు ఆ గుణదల యిల్లాలు నవ్వి, నక్షత్రకుడు మా బండిలోనే యున్నాడనెను. ఆమె గౌరనను చదివినది కాదు, నాటకము చూచినది.

ఇందు ముఖ్యమైనది వేరొకటి. వారు విడిపోయినది దారిలో కాదు, కాశి యంగడిలో. దారి కలిపినది, ఊరు విడదీసినది. పాలగుమ్మి పద్మరాజుగారి 'పడవ ప్రయాణం' కథయందును ఇదే కట్టుబాటు. రంగియు పద్దాలును రాత్రివేళ పడవ యెక్కుదురు; వాడు సరకు దొంగిలించి గట్టున దిగిపోవును, జవాబు చెప్పుటకు ఆమె పడవలో మిగులును. కాలువ బ్రతుకుపై ఇంతకు మించిన తెలుగు కథను నే నెరుగను. అయినను అంతటి రచయితకును ఆమె మనసు విప్పుటకు మగనిని ముందు ఒడ్డెక్కింపవలసి వచ్చెను. అది కథకుని దోషమని యనను. ఆ కథకు అది తగినదే. ఆ జంట పడవలోనే కడవరకు సాగు కథ మనకు కావలసియున్నదని మాత్రమందును.

జానపదగేయ సంగ్రాహకులను గూర్చి ఒక్క మాట. పనిపాటలు, స్త్రీల పాటలు అని వారు వేరు కుప్పలు పోసిరి. పడవ పాట మొదటిదానిలో పడినది. తాడులాగు మగనికి చుక్కాని యొద్దనుండి ఆలు బదులు పాడినయెడల ఆ పాట నే కుప్పలో వేయుదురో?

మొన్న ఫిబ్రవరిలో, 9 మొదలు 11 వరకు జరుగు మేరీమాత తిరునాళ్లలో, ఆ యిల్లాలు మరల కనబడెను. పిల్లవానిని బడిలో వేసిరట. గుణదలలో ఒక గది అద్దెకు గొని ఆమె నిలిచిపోయినది. బండిలో ఇప్పుడు క్లీనరు కుర్రవాడున్నాడు. తెల్లవారుజామున మూడు గంటలకు తనంత తానే మేలుకొని ఆయనకు ఫోను చేయుదుననియు, ఎత్తువరకు గుండె దడదడ కొట్టుకొనుననియు చెప్పెను. ఇక ఆమెకు లక్షణగ్రంథములలో పేరు దొరకును.