నిఘంటుశేషానికి వెలుపల: రవ్వా శ్రీహరి పదసేకరణలో సాక్ష్య సమస్య

నిఘంటువులో పదం చేరాలంటే సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం గ్రంథానిదా, నాలుకదా అన్న వివాదం తెలుగు నిఘంటు నిర్మాణానికి కొత్త కాదు. భువనగిరి ప్రాంతంలో వలిగొండ సమీపాన ఉన్న వెల్వర్తిలో జన్మించిన ఆచార్య రవ్వా శ్రీహరి (1943–2023) కృషిలో ఈ వివాదం ఒకే వ్యక్తిలో రెండు ముఖాలుగా కనిపిస్తుంది. సూర్యరాయాంధ్ర నిఘంటువుకు శేషంగా ఆయన కూర్చిన 'శ్రీహరి నిఘంటువు' ఒక ముఖం. 'నల్లగొండ జిల్లా ప్రజల భాష', 'తెలంగాణ మాండలికాలు – కావ్యప్రయోగాలు' రెండవ ముఖం. వీటిని విడివిడిగా ప్రశంసించడం పరిపాటి. కలిపి చదివినప్పుడే చిక్కు బయటపడుతుంది.

మూలగ్రంథ స్వభావం ముందుగా గుర్తుచేసుకోవాలి. 1911లో మద్రాసులో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పిఠాపురాధీశుని పోషణలో, జయంతి రామయ్య పంతులు ప్రధాన సంపాదకత్వంలో ఈ నిఘంటువును చేపట్టింది. మొదటి సంపుటం వెలువడేనాటికి 1936 వచ్చింది. గిడుగు రామమూర్తి వాదాన్ని ఎదిరించిన గ్రాంథికపక్షానికి రామయ్య పంతులే నాయకుడు. కనుక కావ్యప్రయోగానికి అగ్రస్థానం దక్కడం కేవలం పద్ధతికి సంబంధించిన నిర్ణయం కాదు, భాషావాదంలో తీసుకున్న పక్షం కూడా. ఇక నిజాం రాజ్యంలోని పల్లెల మాట పరిషత్తు చెవికి సోకే మార్గమే అరుదు.

అంతటి సంస్థ దశాబ్దాల తరబడి చేసిన పనిలో జారిపోయిన పదాలను ఒక్కరు కూర్చుని పట్టుకోవడం సామాన్యం కాదు. ఆ శ్రమను తక్కువ చేయడానికి వీలులేదు. అయితే శేషం అన్న భావనలోనే ఒక అంగీకారం ఇమిడి ఉంది. శేషం మూలాన్ని పూరిస్తుంది. మూలం పెట్టుకున్న గీటురాయిని ప్రశ్నించదు. కావ్యాల్లో ఉండి నిఘంటువుకెక్కని పదానికి ఇక్కడ చోటు దొరికింది. కావ్యానికే ఎక్కని పదం ఎప్పటిలాగే బయట నిలిచింది.

'తెలంగాణ మాండలికాలు – కావ్యప్రయోగాలు' ఈ కోణంలో మరింత ఆసక్తికరం. తెలంగాణ పలుకుబడి మోటుదన్న తిరస్కారానికి, ఆ పదాలు కావ్యాల్లోనే ఉన్నాయని చూపడం బలమైన జవాబు. 1934లో సురవరం ప్రతాపరెడ్డి తెలంగాణలో కవులే లేరన్న మాటకు గోలకొండ కవుల సంచికతో జవాబు చెప్పిన తీరు ఇక్కడ స్ఫురిస్తుంది. కానీ కవుల విషయంలో చెల్లిన వాదం పదాల విషయంలో పూర్తిగా చెల్లదు. కవి ఉన్నాడని చూపితే ఆక్షేపణ కూలిపోతుంది. పదం కావ్యంలో ఉందని చూపితే ఆ ఒక్క పదం మాత్రమే గట్టెక్కుతుంది. 'త్రోవ'కు కావ్యగౌరవం ఉంది. దాని రూపాంతరమైన 'తొవ్వ'కు ఆ గౌరవం అరువుగా వస్తుంది. పారశీమూలమైన 'యాది'కి ఏ ప్రబంధాన్ని సాక్షిగా పిలవాలి? అన్యదేశ్యాల్లో కొన్నింటికి కావ్యప్రవేశం లభించిందన్నది నిజమే. లభించనివి అంతకంటె తక్కువ తెలుగు అని ఎవరూ అనలేరు.

వృత్తిపదాల దగ్గర ఈ గీటురాయి మరీ పనికిరాకుండా పోతుంది. వెల్వర్తికి దూరం కాని పోచంపల్లి మగ్గాలనే చూడవచ్చు. పేక నూలును రంగుల అద్దకానికి సిద్ధం చేసేందుకు, మేకుల వరుస చుట్టూ దారాన్ని వేలసార్లు చేతితో తిప్పే పని 'ఆసు పోయడం'. 'ఆసు' అన్న నామవాచకానికి పుస్తకసాక్ష్యం దొరికినా, దానితో 'పోయు' క్రియ ఎందుకు కలిసింది, ఆ కలయిక ఏ కదలికను సూచిస్తుంది అన్నవి మగ్గం ఇంట్లో కూర్చుంటే తప్ప తెలియవు. సాధారణంగా ఇది ఇంటి ఆడవారి చేతిపని కావడం వల్ల కూడా కావ్యంలో దీని వివరం వెతకడం వృథా.

ఇందుకు ప్రత్యామ్నాయం ఊహించవలసిన పని లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి వెలువరించిన మాండలిక వృత్తిపదకోశంలో వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. గ్రామాలకు వెళ్లి, వృత్తిదారుల నోట పదాన్ని విని, అది వినిపించిన ప్రాంతంతో సహా నమోదు చేయడం ఆ కోశాల పద్ధతి. వ్యవసాయ పదాల వ్యాప్తి ఆధారంగానే తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా గుర్తించడం సాధ్యమైంది. కావ్యప్రయోగం పదానికి కాలాన్ని ఇస్తే, క్షేత్రసాక్ష్యం స్థలాన్ని ఇస్తుంది. మొదటిది ప్రమాణమై రెండవది అనుబంధం కావడానికి శాస్త్రపరమైన కారణం లేదు.

శ్రీహరికి ఈ రెండు సాక్ష్యాలూ అందుబాటులోనే ఉన్నాయి. నల్లగొండ ప్రజల భాషపై పుస్తకం రాసినది ఆయనే. ఆ పుస్తకంలోని చెవి, నిఘంటుశేషంలోని కన్ను ఒకే ఆరోపంలో కలిసి ఉంటే తెలుగు నిఘంటువు రూపం మరోలా ఉండేదన్నది ఆయన కృషిపై ఆక్షేపణ కాదు, ఆ కృషి స్వయంగా లేవనెత్తే ప్రశ్న. దీనికి గడువు కూడా ఉంది. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం 1999లో రూపొందించిన లక్ష్మీ ఆసుయంత్రం తల్లుల భుజాల నొప్పిని తగ్గించింది. చేతి ఆసు మూలకు చేరిన ఇళ్లలో, దాని భాగాల పేర్లు ఇప్పుడు పెద్దవయసు స్త్రీల నోట మాత్రమే వినవలసి ఉంది.