పాత కారు విడిభాగాల అన్వేషణ: ఒక విద్య, దాని మెళకువలు

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 2014 మే నెలలో అంబాసిడర్ ఉత్పత్తిని నిలిపివేసింది. అంతకు చాలా ముందే, ఈ శతాబ్దపు తొలి ఏడాదుల్లోనే, ముంబయిలో ప్రీమియర్ పద్మిని తయారీ ఆగిపోయింది. మద్రాసులో రూపొందిన స్టాండర్డ్ హెరాల్డ్, దాని వారసురాలైన గజెల్ 1970ల తర్వాత రాలేదు. ఒక కారు తయారీ ఆగిన రోజునే దాని విడిభాగాలు అంగడి నుంచి మాయం కావు గానీ, అవి కనుమరుగయ్యే తీరులో కొత్తగా పాత కారు కొన్నవారిని ఆశ్చర్యపరిచే ఒక క్రమం ఉంది. తరచుగా అరిగిపోయే బ్రేకు లైనింగులు, క్లచ్ ప్లేట్లు, ఫ్యాన్ బెల్టులు, పాయింట్ సెట్లు ఏళ్ల తరబడి గిరాకీ ఉండడం వల్ల ఇప్పటికీ ఎవరో ఒకరు తయారుచేస్తూనే ఉంటారు. జీవితకాలమంతా మన్నుతుందని అందరూ భావించిన డోరు హ్యాండిల్, ముందు అద్దపు బీడింగు, వెనుక దీపపు గాజు, గేర్‌బాక్సు లోపలి చిన్న ఇరుసు వంటివి మాత్రం అడిగేవారు లేక ముందుగా నశిస్తాయి. అందుచేత పాత కారును నడిపించేవారికి ఇంజను కంటే ఒక చిన్న తలుపు గొళ్లెమే ఎక్కువ కాలం వెతుకులాట పెట్టడం మామూలు విషయం.

ఈ వెతుకులాటను అదృష్టానికి వదిలేయకుండా ఒక విద్యగా సాధన చేసిన మెకానిక్కులు, సామాన్ల దుకాణదారులు మన దేశంలో ఒక తరం మొత్తం ఉన్నారు. వారి విద్యకు మూలసూత్రం ఒక్కటే: కారుకు ఒక పేరు ఉంటుంది గానీ, అందులోని భాగాలకు వేరువేరు వంశాలు ఉంటాయి. కారు పేరు చెప్పి వెతికేవారికి దొరకనిది, భాగపు వంశం తెలిసి వెతికేవారికి తరచుగా దొరుకుతుంది.

అంబాసిడర్ ఇందుకు మంచి ఉదాహరణ. దాని శరీరం బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నుంచి వచ్చింది. తొలి ఏడాదుల సైడ్ వాల్వ్ ఇంజను స్థానంలో 1959 ప్రాంతంలో వచ్చి చేరిన 1489 సీసీ ఇంజను, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ కుటుంబానికి చెందింది. అదే పరిమాణపు ఇంజనుతో బ్రిటన్‌లో ఎంజీఏ అనే క్రీడాకారు, ఆస్టిన్ కేంబ్రిడ్జ్ వంటి కుటుంబ కార్లు తయారయ్యాయి. వాటిని ప్రేమగా కాపాడుకునేవారు అక్కడ వేలసంఖ్యలో ఉండడం వల్ల ఆ ఇంజను భాగాలెన్నో నేటికీ కొత్తగా తయారవుతున్నాయి. మన దేశంలోనే చూసినా, 1984లో వచ్చిన కాంటెస్సా తొలి రోజుల్లో ఇదే 1489 సీసీ ఇంజనుతో నడిచింది. ఆ తర్వాత 1990లలో అంబాసిడర్, కాంటెస్సా రెండూ ఇసుజు 1817 సీసీ ఇంజనును పంచుకున్నాయి. కాబట్టి అంబాసిడర్ ఇసుజు ఇంజనుకు కావలసిన సామాను, తుప్పుపట్టి మూలనపడ్డ కాంటెస్సాలో దొరకవచ్చు. మారుతి 800 విషయంలోనూ అంతే: దాని 796 సీసీ ఇంజనే ఓమ్నీ వ్యానులోనూ ఉండి, ఓమ్నీ 2019 దాకా తయారైనందువల్ల ఇంజను సామానుకు ఇంకా కరువు రాలేదు, అయితే 1983 చివరలో వచ్చిన తొలి మోడల్ శరీర భాగాలు తర్వాతి మారుతి 800కు పట్టవు గనుక, ఆ తొలి కార్ల దీపాలు, బంపర్లు అపురూపమయ్యాయి.

వంశం తెలియడం ఎంత అవసరమో, వంశంలోని శాఖలను గుర్తించడం కూడా అంతే అవసరం. ప్రీమియర్ పద్మిని మూలం ఇటలీ వారి ఫియట్ 1100డి. కానీ ఇటలీలో 1100డి పేరుతో అమ్ముడైన కారులో ఇంజను 1221 సీసీ కాగా, పద్మినిలో ఉన్నది 1089 సీసీ. రెండింటిలోనూ పిస్టన్ కదిలే దూరం 75 మిల్లీమీటర్లే అయినా, సిలిండర్ వ్యాసం మొదటిదానిలో 72, రెండవదానిలో 68 మిల్లీమీటర్లు. పేరు ఒక్కటే కదా అని ఇటలీ నుంచి పిస్టన్లు తెప్పించుకున్నవారికి డబ్బూ పోతుంది, భాగమూ పట్టదు.

వంశాన్ని చదవడానికి ఆధారాలు భాగం మీదే ఉంటాయి. స్వాతంత్ర్యానంతరం దిగుమతులపై ఆంక్షలున్న రోజుల్లో కార్ల సంస్థలు అన్నింటినీ సొంతంగా తయారుచేసుకోలేదు. 1949లో మొదలైన ఇండియా పిస్టన్స్, 1951లో మొదలైన మైకో, 1961 నాటి లూకాస్ టీవీఎస్, 1962లో మద్రాసు శివారు పాడిలో వెలసిన బ్రేక్స్ ఇండియా వంటి సహాయక పరిశ్రమలు వాటికి భాగాలు అందించాయి. ఈ సంస్థలు ఒకే కారుకు కాక పలు కార్లకు, జీపులకు, ట్రాక్టర్లకు సరఫరా చేసినందువల్ల, భాగంపై పోతలో గానీ ముద్రతో గానీ ఉన్న సంస్థ గుర్తు, దాని పక్కనున్న సంఖ్య కారు పేరు కంటే విలువైన సమాచారం. అనుభవజ్ఞుడైన మెకానిక్ పాత భాగాన్ని కిరసనాయిలుతో శుభ్రంగా కడిగి, వైర్ బ్రష్‌తో గట్టిగా రుద్దకుండా, పక్కనుంచి వెలుతురు పడేలా పట్టుకుని ఆ అంకెలను చదువుతాడు. వాటిని సంస్థ ప్రచురించిన విడిభాగాల కేటలాగుతో, అంటే ప్రతి కూర్పునూ విడదీసి గీసిన బొమ్మలూ వాటి సంఖ్యలూ ఉన్న పుస్తకంతో, సరిపోల్చాలి. ఆ పుస్తకాల్లో ‘ఫలానా ఇంజను నంబరు వరకు’, ‘ఫలానా ఛాసిస్ నంబరు నుంచి’ అనే సూచనలను నిర్లక్ష్యం చేయకూడదు. తయారీ మధ్యలో మార్పు జరిగినప్పుడు ఒకే ఏడాది కార్లలో రెండు రకాల భాగాలు ఉండే అవకాశం ఉంది.

అంకెలు చెరిగిపోయిన చోట కొలత మాట్లాడుతుంది. బేరింగుల విషయంలో ఇది మరీ తేలిక, ఎందుకంటే వాటి పరిమాణాలను ప్రపంచమంతా ఒకే పద్ధతిలో నిర్ణయించారు. సాధారణ బాల్ బేరింగుపై 6205 అని ఉంటే, చివరి రెండంకెలను అయిదుతో హెచ్చిస్తే వచ్చే 25 మిల్లీమీటర్లే దాని లోపలి వ్యాసం. బయటి వ్యాసం 52, మందం 15 మిల్లీమీటర్లు. ఆ కొలతల బేరింగు ఏ కారు పేరుతో అడిగినా దొరక్కపోవచ్చు గానీ, నీటి మోటార్లకు సామాను అమ్మే దుకాణంలో తక్షణం దొరుకుతుంది. ఇరుసు చుట్టూ నూనె కారకుండా ఆపే రబ్బరు వలయమైన ఆయిల్ సీలుకు కూడా లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం అనే మూడు కొలతలే గుర్తింపు. అయితే బ్రిటిష్ సంతతి కార్లలో ఇరుసులు అంగుళాల లెక్కన ఉంటాయి. ఒకటిన్నర అంగుళం అంటే 38.1 మిల్లీమీటర్లు. సీలు లోపలి పెదవి మెత్తనిది గనుక 38 మిల్లీమీటర్ల సీలు ఆ స్వల్ప తేడాను ఓర్చుకుంటుంది, కానీ బయటి అంచు గూటిలో బిగుతుగా కూర్చోవాలి గనుక అక్కడ తేడా ఉంటే నూనె వెనుకనుంచి కారుతుంది.

బోల్టులు, నట్ల మరల దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. అంబాసిడర్ బి-సిరీస్ ఇంజనులో అంగుళాల మర, పద్మినిలో మెట్రిక్ మర ఉన్నాయి. 5/16 అంగుళాల బోల్టు వ్యాసం 7.94 మిల్లీమీటర్లు గనుక కంటికి 8 మిల్లీమీటర్ల బోల్టులాగే కనిపిస్తుంది. కానీ మొదటిదాని సన్న మరలో అంగుళానికి 24 చుట్లుండగా, రెండవదాని సాధారణ మరలో చుట్టుకూ చుట్టుకూ మధ్య 1.25 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి ఇంచుమించు 20 చుట్లు మాత్రమే ఉంటాయి. ఒకదానిని మరొకదానిలో బలవంతంగా బిగిస్తే మొదటి రెండు చుట్లు పట్టినట్టే పట్టి, తర్వాత సిలిండర్ బ్లాకులోని మరే చెడిపోతుంది. పది రూపాయల బోల్టు కోసం వేల రూపాయల బ్లాకు పాడవడం ఇలాగే జరుగుతుంది. మర చుట్లను కొలిచే పళ్ల గేజీ చాలా చవకైన పనిముట్టు. పాత కార్లు బాగుచేసే ప్రతి షెడ్డులోనూ అది ఉండితీరాలి.

గుర్తింపు పూర్తయ్యాక అన్వేషణ అంగడికి చేరుతుంది. ముంబయిలో ఒపెరా హౌస్ ప్రాంతం, ఢిల్లీలో కశ్మీరీ గేట్, కోల్‌కతాలో మల్లిక్ బజార్, చెన్నైలో పుదుపేట ఈ సామానుకు పేరుపడ్డాయి. తెలుగునాట విజయవాడ జవహర్ ఆటోనగర్ ప్రధానంగా లారీలు, బస్సుల కోసం ఎదిగినా, అక్కడి లేత్ షాపులు, పోత కర్మశాలలు, పాత ఇనుము కొట్లు కార్ల యజమానులకూ పెద్ద దిక్కు. ఈ అంగళ్లలో భాగాన్ని మాటల్లో వర్ణించి అడగడం కంటే పాత ముక్కను చేతిలో పెట్టుకుని వెళ్లడం మేలు. బల్ల వెనుక దశాబ్దాలుగా కూర్చున్న దుకాణదారుడు దానిని ఒకసారి తిప్పి చూసి, అది ఏ కారుదో, ఏ జీపుకు పడుతుందో, ఏ సందులోని కొట్టులో మిగిలి ఉందో చెప్పగలడు. ఆ జ్ఞాపకశక్తికి సాటివచ్చే కేటలాగు ఇంతవరకు అచ్చుకాలేదు.

అక్కడ దొరికే సరుకు నాలుగు తీరులుగా ఉంటుంది. మూల సంస్థ ముద్రతో, ఎన్నడూ బిగించకుండా గోదాములో మిగిలిపోయిన పాత నిల్వ అత్యుత్తమమైనదని అందరూ భావిస్తారు. లోహపు భాగాల విషయంలో అది నిజమే. రబ్బరు విషయంలో మాత్రం ఆ నమ్మకం ప్రమాదకరం, కారణం రబ్బరు వాడకపోయినా వయసుతో గట్టిపడి పగులుతుంది. ముప్పై ఏళ్లనాటి బ్రేకు కప్పులు ఎంత అందమైన డబ్బాలో వచ్చినా బిగించకూడదు. రెండవది సహాయక పరిశ్రమల కొత్త సరుకు, మూడవది వాడుకలో ‘లోకల్’ అని పిలిచే అనుకరణ, నాలుగవది విరగ్గొట్టిన కార్ల నుంచి తీసిన పాత సామాను. తలుపులు, దీపాల చట్రాలు, మీటర్లు, సీటు పట్టాలు నాలుగవ రకంలో నిస్సంకోచంగా తీసుకోవచ్చు. వెనుక ఇరుసులోని క్రౌన్, పినియన్ పళ్ల చక్రాలను మాత్రం జతగానే కొనాలి. పినియన్‌కు 9, క్రౌన్‌కు 41 పళ్లు లెక్క సరిపోయినంత మాత్రాన చాలదు, ఆ రెండూ కర్మాగారంలో కలిసి అరగదీసిన జంట కాకపోతే రోదచేస్తూ త్వరగా పాడవుతాయి.

ఎక్కడా దొరకని భాగాన్ని చేయించుకోవడమే మిగిలిన దారి, ఈ విద్యలో అత్యంత సృజనాత్మకమైన దశ కూడా అదే. అరిగిన సిలిండర్‌ను పెంచి బోరు చేసి, 20, 30, 40 థౌల పెద్ద పిస్టన్ వేయడం తొలి మార్గం. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. పెద్ద పిస్టన్లు దొరకనప్పుడో, బోరు పెంచడానికి ఇక గోడ మిగలనప్పుడో, లోపల పోత ఇనుప గొట్టమైన స్లీవును దిగగొట్టి, అంబాసిడర్ బి-సిరీస్‌లోనైతే మళ్లీ మొదటి కొలత అయిన 73.025 మిల్లీమీటర్లకు తెస్తారు. తుప్పుతో గుంటలుపడ్డ బ్రేకు మాస్టర్ సిలిండర్‌కు ఇదే పద్ధతిలో ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవు వేస్తే అది అసలు దానికంటే ఎక్కువ కాలం మన్నుతుంది.

పగిలిన నీటి పంపు గూడు, థర్మోస్టాట్ మూత వంటివి ఇసుక అచ్చులో కొత్తగా పోత పోయించవచ్చు. ఇక్కడ తెలియనివారు చేసే పొరపాటు ఒకటుంది. కరిగిన లోహం గట్టిపడుతూ కుంచించుకుపోతుంది. పోత ఇనుము మీటరుకు సుమారు 10 మిల్లీమీటర్లు, అల్యూమినియం సుమారు 13 మిల్లీమీటర్లు తగ్గుతాయి. పాత భాగాన్నే నమూనాగా ఇసుకలో అదిమితే వచ్చే కొత్త భాగం ఆ మేరకు చిన్నదై, బోల్టు రంధ్రాలు కలవవు. అందువల్ల నేర్పరి అయిన నమూనాకారుడు కర్ర నమూనాను ఆ సంకోచానికి తగినట్టు పెద్దదిగా చెక్కుతాడు, లేదా పాత భాగం అంచులకు మైనం, పుట్టీ పూసి మందం పెంచి, రంధ్రాలను పూడ్చి పోత పోయించి, వాటిని తర్వాత అసలు భాగానికి సరిచూసి తొలిపిస్తాడు. ఒక ముక్క చేసినా పది చేసినా నమూనా ఖర్చు ఒక్కటే గనుక, అదే మోడల్ యజమానులు కలిసి పోయించుకోవడం అందరికీ లాభం.

చేయించగలిగినదల్లా చేయించడం వివేకం కాదు. స్టీరింగు కీళ్లు, చక్రాన్ని మోసే ఇరుసు మొనలు, బ్రేకు భాగాలు విరిగితే ప్రాణాలు పోతాయి; వీటిని ఏ ఉక్కో తెలియని కడ్డీ నుంచి చెక్కించడం, విరిగినదాన్ని వెల్డింగుతో అతికించడం ఎంతమాత్రం సమర్థనీయం కాదు. వీటి దగ్గర వంశం తెలిసిన అసలు భాగం దొరికేవరకు కారును నిలిపి ఉంచడమే సరైన నిర్ణయం. మరోవైపు, అసలు భాగమే నేటి ఇంధనానికి సరిపడని సందర్భాలున్నాయి. దేశంలో 2000 సంవత్సరంలో సీసపు పెట్రోలు ఆగిపోవడంతో, పోత ఇనుప హెడ్డులోనే నేరుగా మలిచిన అంబాసిడర్ వాల్వు సీట్లకు సీసం ఇచ్చిన రక్షణ పోయింది. హెడ్డు విప్పినప్పుడు గట్టి లోహపు సీటు వలయాలు వేయించడం మంచిది. అలాగే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 నుంచి రావడంతో పాత రబ్బరు గొట్టాలు, ఇంధన పంపు పొరలు మెత్తబడి చిల్లులు పడుతున్నాయి. వీటి స్థానంలో ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరు వాడితే కారు అసలుతనానికి భంగమేమీ లేదు.

అసలుతనానికి ఇప్పుడు చట్టపరమైన విలువ కూడా వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన నియమాల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, శరీరం, ఇంజనులలో గణనీయమైన మార్పులు లేకుండా మూల రూపంలో ఉన్న వాహనాన్ని వింటేజ్ వాహనంగా ప్రత్యేక వరుసలో నమోదు చేయించుకోవచ్చు. 1970ల ఆరంభపు అంబాసిడర్లు, ఫియట్లు ఈ గీతను ఇప్పటికే దాటుతున్నాయి. సామాను దొరకలేదని ఇంజనునే మార్చేసిన కారు ఆ గుర్తింపును పోగొట్టుకుంటుంది.

అయినా ఈ విద్య విలువ ఆ గుర్తింపుతో ముగిసేది కాదు. దిగుమతి దారులు మూసుకున్న రోజుల్లో ఒక దేశం తన యంత్రాలను తానే ఎలా నడుపుకుందో ఈ భాగాలు, వాటిని గుర్తుపట్టగల మనుషులు కలిసి చెబుతారు. బల్లల వెనుకనున్న ఆ పెద్దలు ఒక్కొక్కరే విశ్రమిస్తున్నారు; వారి పిల్లల్లో ఎక్కువమంది వేరే వృత్తుల్లోకి వెళ్లారు. ఏ భాగం దేనికి పట్టిందన్న వివరం చాలావరకు ఎక్కడా రాసిలేదు. కాబట్టి పాత కారు ఉన్న ప్రతివారూ ఒక నోటుపుస్తకం పెట్టుకుని, మార్చిన ప్రతి భాగపు సంఖ్యను, కొలతలను, దానికి బదులు పట్టిన భాగం పేరును, దొరికిన చోటును రాసి ఉంచాలి. విప్పిన పాత ముక్కను, అది ఎంత అరిగిపోయినదైనా, ఇనుము కొట్టుకు తూకానికి వేయకుండా చీటీ కట్టి దాచాలి. తర్వాతివారికి నమూనాగా పనికివచ్చేది అదే.