ఫైలు మూశావా, బాబూ?

ఈ వారం నాకు ఒళ్లు మండించింది ఓ చిన్న పైథాన్ స్క్రిప్టు. మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు రాశాడు. ఒక సీఎస్‌వీ ఫైలు తెరుస్తుంది, వరుసలు లెక్కపెడుతుంది, నాలుగు అంకెలు తెర మీద పడేసి వెళ్లిపోతుంది. తెరిచిన ఫైలును మూయడం మాత్రం ఎక్కడా లేదు. "ఓపెన్ ఉంది, క్లోజ్ ఏదీ?" అని రివ్యూలో రాశాను. సాయంత్రం టీ దగ్గర తనే వచ్చాడు.

"సార్, ప్రాసెస్ అయిపోతే కెర్నలే అన్నీ మూసేస్తుంది కదా. మళ్లీ మనమెందుకు?"

"నువ్వు తెరిచింది నువ్వే మూయాలి బాబూ. మ్యాన్ పేజీ చదివావా అసలు?"

నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వే ఎక్కువ మండించింది. ఈ కాలమ్ పాత పాఠకులకు నా చాదస్తాలు రెండూ తెలుసు. సమస్య ఏదైనా ముందు మ్యాన్ పేజీ, అంటే కమాండుతో పాటే వచ్చే వివరణ పత్రం, తెరవమంటాను. రీస్టార్ట్ కొట్టి "బాగు చేశాం" అని చెప్పుకునేవాళ్లను చూస్తే భగ్గుమంటాను. ఇవాళ రెండూ మళ్లీ వస్తాయి, ఓపిక పట్టండి.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. యూనిక్స్ వంశానికి చెందిన ఏ సిస్టమ్‌లోనైనా ప్రోగ్రాం ఓ ఫైలు తెరిస్తే కెర్నల్ దాని చేతికి ఒక అంకె ఇస్తుంది. అదే ఫైల్ డిస్క్రిప్టర్. 0 ఇన్‌పుట్, 1 అవుట్‌పుట్, 2 ఎర్రర్లు. మామూలుగా ఈ మూడూ పుట్టుకతోనే వస్తాయి, కాబట్టి మీరు తెరిచే మొదటి ఫైలుకు 3 దక్కుతుంది. నియమం ఒక్కటే: ఖాళీగా ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్న అంకె ఇవ్వాలి. క్లోజ్ అంటే ఆ అంకెను వెనక్కి ఇచ్చేయడం.

ఇంతేనా అనిపిస్తుంది గానీ, తొలినాటి యూనిక్స్ షెల్ ఈ చిన్న నియమంతోనే ఎంత పని చేసిందో చూడండి. ఫైళ్ల పేర్లు చూపే ఎల్‌ఎస్ కమాండు అవుట్‌పుట్‌ను ఫైల్లోకి మళ్లించమని మీరు అడిగితే, షెల్ ముందు 1ని మూసేది. వెంటనే మీరు చెప్పిన ఫైలు తెరిచేది. ఖాళీల్లో చిన్నది 1 కాబట్టి కొత్త ఫైలుకు అదే వచ్చేది. పాపం ఎల్‌ఎస్‌కు ఇదేమీ తెలియదు. ఎప్పట్లాగే 1లోకి రాసుకుంటూ పోయేది, అక్షరాలు టెర్మినల్‌కు బదులు ఫైల్లో పడేవి. మూయడం ఇక్కడ పని ముగింపు కానే కాదు, అసలు కిటుకంతా అందులోనే ఉంది.

సరే, అంకె వెనక్కి ఇచ్చాం. మరి ఫైలు ఏమవుతుంది? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు హైదరాబాద్‌లో నా తొలి ఉద్యోగం, అక్కడి ఒక రాత్రి షిఫ్టు గుర్తొస్తాయి. సర్వర్ డిస్కు నిండిపోయింది. డీఎఫ్ కొడితే 100 శాతం. కారణం వెతకనక్కర్లేదు, అప్లికేషన్ లాగ్ ఫైలు ఉబ్బి కూర్చుంది. షిఫ్టులో నాతో ఉన్న మిత్రుడు ఆలోచించకుండా ఆర్‌ఎం కొట్టాడు. ఎల్‌ఎస్‌లో ఫైలు మాయం. హమ్మయ్య అనుకొని మళ్లీ డీఎఫ్ కొడితే, అదే 100 శాతం. డైరెక్టరీలన్నీ డీయూతో కూడితే వాడకం సగం కూడా లేదు. ఒక కమాండు నిండిందంటోంది, ఇంకోటి ఖాళీ అంటోంది. రెండూ అబద్ధం చెప్పే రకం కాదు.

ఫోన్ చేసి మా టీమ్ పెద్దాయనను నిద్ర లేపాం.

"లాగ్ తీసేశారా?" అన్నారు, మేం చెప్పకముందే.

"తీసేశామండీ. అయినా జాగా రాలేదండీ."

"ఆ ఫైలు పోయిందని మీకు తెలుసురా. దానికి తెలియదు కదా!"

"దేనికండీ?"

"రాస్తున్నదానికి!"

యూనిక్స్‌లో ఫైలు వేరు, దాని పేరు వేరు. డైరెక్టరీలో ఉండేది పేరు మాత్రమే. ఆర్‌ఎం చేసేది ఆ పేరును చెరిపేయడం. అందుకే దాని వెనకున్న సిస్టమ్ కాల్‌ను డిలీట్ అనలేదు, అన్‌లింక్ అన్నారు. ఏదో ఒక ప్రాసెస్ ఆ ఫైలును తెరిచి పట్టుకొని ఉన్నంతకాలం అది డిస్కు మీద చెక్కుచెదరకుండా ఉంటుంది. మా అప్లికేషన్ ఆ పేరు లేని ఫైల్లోకి శుభ్రంగా రాసుకుంటూనే ఉంది. డీయూ పేర్లు పట్టుకొని తిరుగుతుంది కాబట్టి దానికి కనపడలేదు. డీఎఫ్ నేరుగా ఫైల్ సిస్టమ్‌ను అడుగుతుంది కాబట్టి దానికి కనపడింది.

పెద్దాయన తెరిచి ఉన్న ఫైళ్లు చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్ కొట్టి, వరుస చివర "డిలీటెడ్" అని ఉన్నదాన్ని పట్టుకోమన్నారు. దొరికింది: ఒక జావా ప్రాసెస్, డిస్క్రిప్టర్ అంకె, గుండె జారే సైజు. రీస్టార్ట్ చేసేద్దామని మిత్రుడు కీబోర్డు మీదికి చేయి చాపాడు. తెల్లారేదాకా ఆ సర్వీసు ఆగడానికి వీల్లేదని ఆయన ఇంకో దారి చెప్పారు. ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ నంబరు, దాని కింద ఎఫ్‌డీ, అందులో ఆ అంకె. పేరు పోయినా అంకె ఉంది కదా, ఆ అంకె దారిన వెళ్లి ఫైలును సున్నా సైజుకు కత్తిరించాం. డీఎఫ్ దబ్బున దిగింది. సర్వీసు రెప్ప కూడా వేయలేదు. రీస్టార్ట్ మీద నా కోపం ఆ రాత్రిదే.

దాంతోపాటే ఇంకో నమ్మకం కూడా నాటుకుంది. క్లోజ్ అంటే ఫైలును మూయడం కాదు, అందులో నా వాటా వదులుకోవడం. ఫోర్క్ చేసి పిల్ల ప్రాసెస్‌ను పుట్టిస్తే దానికి అన్ని డిస్క్రిప్టర్ల నకళ్లూ వెళతాయి, డప్ చేస్తే నా దగ్గరే ఇంకో నకలు పుడుతుంది. ఆఖరి వాటాదారు వదిలినప్పుడే కెర్నల్ నిజంగా మూస్తుంది.

ఇది పట్టించుకోకపోతే ఏమవుతుందో పైపుల్లో తెలుస్తుంది. ఎల్‌ఎస్ అవుట్‌పుట్‌ను పైపు గుండా డబ్ల్యూసీకి పంపి లెక్కపెట్టమన్నారనుకోండి. షెల్ ఒక పైపు చేసి, ఇద్దరు పిల్లలను ఫోర్క్ చేస్తుంది. ఇప్పుడు పైపులోకి రాసే కొస ఎంతమంది చేతిలో ఉంది? షెల్, ఎల్‌ఎస్, డబ్ల్యూసీ, ముగ్గురి చేతిలో. రాసే కొసలన్నీ మూతపడితేనే చదివేవాడికి "ఇక అయిపోయింది" అన్న కబురు అందుతుంది. ఎల్‌ఎస్ పని ముగించుకొని పోయినా, షెల్ తన కొస మూయడం మరిస్తే డబ్ల్యూసీ అలా చూస్తూ కూర్చుంటుంది. ఇంకా తమాషా ఏమిటంటే, షెల్ మూసి డబ్ల్యూసీ తన దగ్గరున్న రాసే కొసను మూయకపోయినా ఇదే గతి. తను ఎప్పుడు రాయడం ఆపుతుందా అని తనే ఎదురు చూస్తుంటుంది, ఎప్పటికీ. సొంతంగా చిన్న షెల్ రాయడం నేర్చుకునే ప్రతి విద్యార్థీ ఒక్కసారైనా ఈ గుంటలో పడతాడు.

మరి జాగ్రత్తపరులు ఒకటికి రెండుసార్లు మూస్తే? అది ఇంకా ప్రమాదం. క్లోజ్ మధ్యలో సిగ్నల్ తగిలి ఈఐఎన్‌టీఆర్ అనే ఎర్రర్ వచ్చిందనుకోండి. రీడ్, రైట్‌లకైతే మళ్లీ పిలవడం అలవాటే. లైనక్స్‌లో క్లోజ్‌ను మాత్రం మళ్లీ పిలవకూడదని మ్యాన్ పేజీ (వచ్చేసింది చూశారా) స్పష్టంగా చెబుతుంది. ఎర్రర్ ఇచ్చినా అంకె అప్పటికే ఖాళీ అయిపోయి ఉంటుంది, ఈలోపు ఇంకో థ్రెడ్ తెరిచిన ఫైలుకు అదే అంకె దక్కి ఉండొచ్చు. గుడి బయట స్టాండులో 7వ గూటి నుంచి మీ చెప్పులు తీసేసుకున్నాక మళ్లీ వెళ్లి "ఏడు ఇవ్వు" అంటే వచ్చేవి ఎవరి చెప్పులో! హెచ్‌పీ-యూఎక్స్‌లో నియమం సరిగ్గా దీనికి తలకిందులు, అక్కడ మళ్లీ మూయాల్సిందే. ఒక ఫైలు మూసే పనిలో ఇంత గొడవ ఉంది.

ఇంకో సంగతి. క్లోజ్ ఒక జవాబు ఇస్తుంది. దాన్ని దాదాపు ఎవరూ చూడరు. ఎన్‌ఎఫ్‌ఎస్ లాంటి నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్‌లో రైట్ అంతా సజావుగా సాగినట్టు కనిపించి, చోటు చాలలేదన్న ఎర్రర్ తీరా క్లోజ్ దగ్గర బయటపడొచ్చు. పోనీ క్లోజ్ సరే అంటే డేటా డిస్కు చేరినట్టా? అదీ కాదు, దానికి ఎఫ్‌సింక్ అడగాలి. ఆ ఎఫ్‌సింక్‌ను నమ్ముకున్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్లకు 2018లో ఓ చేదు నిజం తెలిసింది. ఎఫ్‌సింక్ ఫెయిలైతే వాళ్ల ప్రోగ్రాం మళ్లీ ప్రయత్నించేది, రెండోసారి లైనక్స్ అంతా బాగుందనేది. నిజానికి కెర్నల్ ఎర్రర్‌ను ఒక్కసారి చెప్పి, రాయలేకపోయిన పేజీలను రాసేసినట్టే గుర్తు పెట్టుకునేది. 2019 ఫిబ్రవరి విడుదలల్లో వాళ్లు పద్ధతి మార్చారు. ఎఫ్‌సింక్ ఫెయిలైతే ఇక బతిమాలడం లేదు. డేటాబేస్ తనంతట తాను కూలిపోతుంది, మళ్లీ లేచి తన లాగ్ చదువుకొని కోలుకుంటుంది.

కుర్రాడికి ఇదంతా చెప్పి నోరు మూయిద్దామని కూర్చున్న నేను ఇక్కడ ఆగిపోయాను. డేటాను ప్రాణంగా చూసుకునేవాళ్లే చివరికి చావును ఎంచుకున్నారు. అపాచీ వెబ్ సర్వర్‌లోనూ మాక్స్ కనెక్షన్స్ పర్ చైల్డ్ అని ఒక సెట్టింగు ఉంది. ఇన్ని కనెక్షన్లు చూశాక పిల్ల ప్రాసెస్ పోవాలి, కొత్తది రావాలి. మెమరీ లీకుల కోసమని రాశారు గానీ, మూయకుండా వదిలేసిన డిస్క్రిప్టర్లకూ అదే మందు. అంటే నేను ఇన్నేళ్లూ తిట్టిపోసిన రీస్టార్టేగా ఇది? కాదని వాదించబోయాను, కుదరలేదు. ప్రాసెస్ చచ్చిపోయేటప్పుడు కెర్నల్ దాని డిస్క్రిప్టర్ల పట్టిక మొదటి నుంచి చివరిదాకా మూసుకుంటూ వస్తుంది. ఒక్కటి కూడా మరవదు. మనలో ఎవరమూ అంత బుద్ధిగా మూయం. చిన్న ప్రాసెస్ పుట్టి, ఒక్క పని చేసి, పోవడం అన్నది యూనిక్స్ మొదటి నుంచీ నేర్పుతున్న పద్ధతే.

కాబట్టి కుర్రాడి స్క్రిప్టును ఒక్క అక్షరం మార్చకుండా మెర్జ్ చేశాను. అది చదివే స్క్రిప్టు కాబట్టి. రాసేదైతే ఒప్పుకోను. కెర్నల్ మూసేది డిస్క్రిప్టర్‌నే. ప్రోగ్రాం తన బఫర్‌లో దాచుకున్న అక్షరాల గురించి కెర్నల్‌కు తెలియదు, కిల్ మైనస్ 9 పడితే అవి అక్కడికక్కడే పోతాయి. పైగా చచ్చేటప్పుడు జరిగే క్లోజ్‌లో ఎర్రర్ వస్తే వినేవాడు ఉండడు. ఇక నెలల తరబడి నడిచే సర్వర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. చాలా లైనక్స్‌లలో ఒక ప్రాసెస్‌కు మామూలు పరిమితి 1024 డిస్క్రిప్టర్లు. అభ్యర్థనకొకటి చొప్పున జారవిడిస్తే అది ఎంతసేపు?

సర్వర్లు చూసుకునే పాఠకులు ఈ సోమవారం ఒక్క పని చేయండి. రూట్‌గా లాగిన్ అయి "ఎల్‌ఎస్‌ఓఎఫ్ ప్లస్ ఎల్ 1" కమాండు కొట్టండి. పేరు పోయినా ఎవరో పట్టుకొని ఉన్న ఫైళ్లన్నీ వరుసగా వస్తాయి. సైజు దగ్గర పెద్ద అంకె కనపడితే ముందు ఆ ప్రాసెస్ ఎవరిదో, ఎందుకు పట్టుకుందో కనుక్కోండి. ఆ తర్వాత కావాలంటే రీస్టార్ట్ చేసుకోండి, ఈసారికి నేనేమీ అనను.