ఒడే మొదటి మందు

కొందరు పసికందులు పుట్టిన రెండో రోజుకల్లా వేరేగా ఏడవడం మొదలుపెడతారు. గొంతు సన్నగా, కీచుమంటూ ఉంటుంది. గడ్డం, చేతులు వణుకుతుంటాయి. వరసగా తుమ్ములు, ఆవలింతలు. పిడికిలిని ఆబగా చీకుతారు, రొమ్ము అందిస్తే మాత్రం పట్టుకోలేరు. విరేచనాలు పలచగా అయి పిర్రలు ఒరుసుకుపోతాయి. డాక్టర్లుగా మేం ముందు రక్తంలో చక్కెర, కాల్షియం చూస్తాం. ఇన్‌ఫెక్షన్ లేదని తేల్చుకుంటాం. అవన్నీ సరిగానే ఉంటే తల్లిని ఒక మాట అడగాలి: కడుపుతో ఉన్నప్పుడు ఏమేం మందులు వాడారమ్మా?

హెరాయిన్, మార్ఫిన్, ట్రమడాల్, కోడీన్ కలిసిన దగ్గుమందు, ఇవన్నీ మాయ దాటి బిడ్డకు చేరతాయి. బొడ్డు కోసిన క్షణంలో ఆ మందు ఆగిపోతుంది. అలవాటు పడిన పసి ఒంటికి ఆ లోటు తట్టుకోవడం కష్టం. హెరాయిన్ అయితే ఒక రోజులోపే, మెథడోన్ లాంటివైతే రెండు మూడు రోజులకు ఆ బాధ బయటపడుతుంది.

హైదరాబాద్‌లోని మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ఆసుపత్రుల్లో ఇది అమెరికాలోలాగా తరచూ కనిపించే సమస్య కాదు. అలాగని మనకు సంబంధం లేదనుకోకూడదు. నడుం నొప్పికి ట్రమడాల్ వేసుకుని పనిచేసుకునేవాళ్లు ఉన్నారు. దాన్ని 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. కల్తీ కల్లు సంగతి అందరికీ తెలిసిందే. 2025 జులైలో హైటెక్ సిటీకి కూతవేటు దూరంలోని కూకట్‌పల్లిలో కల్లు తాగి మనుషులు చనిపోయారు. కల్లులో కలిపే అల్ప్రాజోలం అనే మత్తుమందు పైన చెప్పినవాటిలా నల్లమందు జాతి కాదు. అయినా గర్భిణి దానికి అలవాటు పడితే పుట్టిన బిడ్డకు ఇలాంటి బాధే రావచ్చు. ఇక మా చేతులమీదుగా జరిగేది ఒకటుంది. వెంటిలేటర్ మీది బిడ్డకు నొప్పి తెలియకుండా నల్లమందు జాతికే చెందిన ఫెంటానిల్ ఎక్కిస్తాం. ఇవ్వాల్సిందే, పసివాళ్లకూ నొప్పి ఉంటుంది. నాలుగైదు రోజులు దాటాక మాత్రం దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు, కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి.

ఈ బిడ్డల్ని ఎలా చూసుకోవాలన్న దాంట్లో ఈ మధ్య పెద్ద మార్పే వచ్చింది. 1975లో ఫిలడెల్ఫియాలో లోరెట్టా ఫిన్నెగన్ ఒక కొలమానం తయారుచేశారు. వణుకుకు ఇన్ని మార్కులు, తుమ్ముకు ఇన్ని అని మూడు నాలుగు గంటలకోసారి వేసి, మొత్తం ఒక హద్దు దాటితే మార్ఫిన్ మొదలుపెట్టేవారు. దశాబ్దాలు అదే నడిచింది. తర్వాత అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు మూడే ప్రశ్నలు అడిగారు. బిడ్డ పాలు తాగుతోందా? కనీసం గంటసేపు నిద్రపోతోందా? పది నిమిషాల్లో ఊరుకుంటోందా? వీటిలో దేనికైనా జవాబు లేదు అయితే ముందు అమ్మ ఒడి, మసక వెలుతురు, పొత్తిళ్లు, నిశ్శబ్దం, తల్లిపాలు. మందు ఆ తర్వాతే. అమెరికాలో 26 ఆసుపత్రుల్లో ఈ పద్ధతిని పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. బిడ్డ ఇంటికి వెళ్లగలిగే స్థితికి రావడానికి పాత పద్ధతిలో సగటున 14.9 రోజులు పడితే, ఇందులో 8.2 రోజులు పట్టింది. మందు అవసరమైన పిల్లలు 52 శాతం నుంచి 19.5 శాతానికి తగ్గారు.

మన దగ్గర ఖరీదైన ఐసీయూలకు కొదవ లేదు. తల్లి కూర్చోవడానికి కుర్చీ ఉన్నవే తక్కువ. బాలింత పై అంతస్తులో, బిడ్డ కింది అంతస్తులో అద్దాల వెనక. సాయంత్రం కాసేపు చూడనిస్తారు. ఇన్‌ఫెక్షన్ వస్తుందనే భయం నాకు తెలుసు, ఆ మాట నేనూ ఎన్నోసార్లు విన్నాను. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా పాలుపంచుకున్న ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం 2021లో ఇందుకు జవాబిచ్చింది. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల్ని మొదటి గంటల నుంచే, ఐసీయూలోనే తల్లి గుండెకు ఆనించి ఉంచితే మరణాలు నాలుగో వంతు తగ్గాయి. తల్లిని గుమ్మం బయట నిలబెట్టడానికి ఇంకే కారణం మిగిలింది?

అడిగే తీరు కూడా వైద్యంలో భాగమే. అత్తగారు, భర్త పక్కన నిలబడి ఉండగా ఏ ఆడపిల్లా నిజం చెప్పదు. అందర్నీ బయటికి పంపి, పక్కన కూర్చుని, కేస్ షీట్ మూసేసి అడగాలి. అదీ కాన్పుకు ముందే. తల్లి ఈ మందులకు అలవాటు పడిందని తెలియక, పుట్టగానే ఊపిరి తీయని ఆమె బిడ్డకు వాటి విరుగుడైన నలోక్సోన్ ఇస్తే ఫిట్స్ రావచ్చు. పోలీసులొస్తారని భయపడే తల్లులకు ఒక సంగతి చెప్పాలి. మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్, వ్యసనం నుంచి బయటపడటానికి తమంతట తాము ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్స తీసుకునేవారికి, వాడకం, కొద్ది మోతాదు కేసుల్లో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది.

గర్భిణులకు నా విన్నపం ఒకటే. ఇలాంటి మందు ఏదైనా వాడుతుంటే భయపడి ఒక్కసారిగా మానేయకండి, కడుపులో బిడ్డకు అది ప్రమాదం. మీ డాక్టరుకు చెప్పండి. చెప్పడానికి మనసు రాకపోతే ముందు మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ 14416కు గానీ, వ్యసన విముక్తి సహాయ లైన్ 14446కు గానీ ఫోన్ చేయండి. ఆసుపత్రులు నడిపేవారు వచ్చే ఏడాది బడ్జెట్‌లో ఇంకో యంత్రం కొనేముందు ప్రతి ఉయ్యాల పక్కన తల్లికి ఒక మంచం వేయండి.